పెంపుడు పాముల తిండి, ఎదుగుదల: తరచుగా అడిగే ప్రశ్నలు

పాములను పెంచడం కొత్తగా మొదలుపెట్టినవారు, కొన్నేళ్లుగా పెంచుతున్నవారు కూడా తిండి విషయంలో దాదాపు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అందుకే వాటిని పాము వయసు దశలను బట్టి ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరకు నేరుగా వెళ్లవచ్చు. విడిగా చెప్పిన చోట తప్ప, ఇక్కడి అంకెలన్నీ కార్న్ స్నేక్, కింగ్ స్నేక్, బాల్ పైథాన్ వంటి ఎలుకలు తినే విషరహిత పాములకు వర్తిస్తాయి.

## మొదలుపెట్టే ముందు

పాము జీవితాంతం పెరుగుతూనే ఉంటుందా?

ఉంటుంది, అయితే ఒకే వేగంతో కాదు. పుట్టినప్పటి నుంచి సంతానోత్పత్తి వయసు వచ్చే వరకు ఎదుగుదల చాలా వేగంగా సాగుతుంది. ఆ తర్వాత తిన్న తిండిలో ఎక్కువ భాగం గుడ్లకో, పిల్లలకో, కొవ్వు నిల్వకో వెళుతుంది కాబట్టి పొడవు పెరగడం బాగా మందగిస్తుంది. పదేళ్లు దాటిన పాము కూడా ఏడాదికి కొద్దిగా పొడవు పెరగవచ్చు, కానీ దాన్ని టేపుతో పట్టుకోవడం కష్టం. మొదటి రెండు మూడేళ్లలో తిండి అలవాట్లపై పెట్టే శ్రద్ధకు విలువ ఎక్కువ అనడానికి కారణం ఇదే.

ఎక్కువ తిండి పెడితే పాము మామూలు కంటే పొడవు అవుతుందా?

చివరికి ఎంత పొడవు అవుతుందన్నది ప్రధానంగా జాతి, వంశం, ఆడా మగా అన్న తేడా నిర్ణయిస్తాయి. కొండచిలువల్లో చాలా జాతుల్లో ఆడవి మగవాటి కంటే పెద్దవి. బాల్ పైథాన్ ఆడపాము ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోల దాకా తూగితే, మగది సాధారణంగా అంతకంటే బాగా తేలికగా ఉంటుంది. తిండి ముఖ్యంగా మార్చేది ఆ పొడవును చేరుకునే వేగాన్ని.

అయితే బాల్యంలో దొరికిన తిండి ప్రభావం మనం అనుకునే దానికంటే లోతుగా ఉంటుందనడానికి ఆధారముంది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని ఫాగ్ డ్యామ్ దగ్గర నీటి కొండచిలువలను ఏళ్ల తరబడి పట్టి, కొలిచి, వదిలిన థామస్ మాడ్సెన్, రిచర్డ్ షైన్ 2000లో తమ ఫలితాలు ప్రచురించారు. ఎలుకలు సమృద్ధిగా ఉన్న సంవత్సరంలో పుట్టిన పాములు, కరువు సంవత్సరంలో పుట్టినవాటి కంటే ఆ తర్వాతి ఏళ్లలోనూ వేగంగా పెరిగాయి. దీన్ని చదివి పిల్లకు కుక్కి కుక్కి పెట్టాలని అర్థం చేసుకోకూడదు. అడవిలోని సమృద్ధి సంవత్సరం కూడా, పెట్టెలో పెరిగే పాముకు వారం వారం తప్పకుండా అందే తిండి ముందు పెద్ద లెక్కలోకి రాదు.

చిన్న పెట్టెలో ఉంచి, తక్కువ తినిపిస్తే పాము చిన్నగానే ఉండిపోతుందా?

పెట్టె పరిమాణానికి తగినట్టు పాము పెరుగుతుందన్న మాట పూర్తిగా అపోహ. తిండి తగ్గిస్తే ఎదుగుదల నెమ్మదిస్తుంది నిజమే, కానీ ఫలితంగా వచ్చేది ఆరోగ్యంగా ఉన్న చిన్న పాము కాదు, కండ కరిగి వెన్నెముక పైకి తేలిన పాము. చిన్న పాము కావాలనుకునేవారు పెద్దయినా చిన్నగా ఉండే జాతిని ఎంచుకోవడం ఒక్కటే సరైన మార్గం.

## పిల్ల దశ

గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు మొదటి తిండి ఎప్పుడు పెట్టాలి?

మొదటి కుబుసం విడిచిన తర్వాత పెట్టాలి. కార్న్ స్నేక్, బాల్ పైథాన్ పిల్లల్లో ఇది సాధారణంగా గుడ్డు పగిలిన వారం పది రోజులకు జరుగుతుంది. అప్పటి వరకు కడుపులో మిగిలిన పచ్చసొనే వాటికి ఆధారం కనుక ఈలోపు ఎర ముట్టకపోతే కంగారు పడనవసరం లేదు. నీళ్లు మాత్రం మొదటి రోజు నుంచే అందుబాటులో ఉండాలి.

పిల్లకు ఎంత పెద్ద ఎర పెట్టాలి? ఎన్ని రోజులకొకసారి?

రెండు కొలతలు గుర్తుంచుకుంటే చాలు. ఎర బరువు పాము బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, ఎర మందం పాము శరీరంలో అన్నిటికంటే లావుగా ఉన్న చోటుకు సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉండాలి. అప్పుడే పుట్టిన కార్న్ స్నేక్ పిల్ల 6 నుంచి 8 గ్రాములు తూగుతుంది. దానికి వెంట్రుకలు రాని, కళ్లు తెరవని చిట్టెలుక కూన, అంటే పెంపకందారులు పింకీ అని పిలిచేది, ఒక్కటి సరిపోతుంది. ఈ వయసు పిల్లలకు 5 నుంచి 7 రోజులకొకసారి తినిపించాలి. 60 గ్రాముల బాల్ పైథాన్ పిల్లకు 6 నుంచి 9 గ్రాముల ఎర వారానికొకటి చాలు.

మింగిన తర్వాత శరీరంలో ఆ చోట చిన్న ఉబ్బు కనిపించి, ఒకటి రెండు రోజుల్లో కలిసిపోతే ఎర పరిమాణం సరిపోయినట్టే. నాలుగు రోజులైనా ఉబ్బు అలాగే ఉండి, పాము కదలకుండా పడి ఉంటే ఎర పెద్దదైంది, లేదా పెట్టెలో వేడి చాలడం లేదు.

ఒక పెద్ద ఎర మంచిదా, రెండు చిన్నవి మంచివా?

మొత్తం బరువు సమానమైతే ఎదుగుదలలో పెద్ద తేడా ఉండదు. అయినా తగిన పరిమాణంలో ఉన్న ఒక్క ఎరనే మేము ఎక్కువగా సిఫార్సు చేస్తాము. పింకీల ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు కాబట్టి వాటిలో కాల్షియం తక్కువ. పాము ఎదిగినా నెలల తరబడి పింకీలనే రెండేసి, మూడేసి పెడుతూ పోవడం కంటే, ఒంటిపై వెంట్రుకలు వచ్చిన తర్వాతి దశ ఎలుక పిల్లకు మారడం ఎముకలకు మంచిది.

ఎర పరిమాణం తల ఎదుగుదలపైనా ప్రభావం చూపగలదు. ఆస్ట్రేలియా టైగర్ స్నేక్‌లపై ఫాబియన్ ఓబ్రే, రిచర్డ్ షైన్, జేవియర్ బోనె చేసి 2004లో ప్రచురించిన ప్రయోగంలో, పెద్ద ఎరలు మింగే పాములుండే ఒక దీవికి చెందిన పిల్లలకు పెద్ద ఎరలు పెట్టినప్పుడు, చిన్న ఎరలు తిన్న వాటి తోబుట్టువుల కంటే వాటి తలలు పొడవుగా ఎదిగాయి. అన్ని జాతుల్లోనూ ఇలాగే జరుగుతుందని అనుకోరాదు.

పిల్ల అసలు ఏమీ తినడం లేదు. ఎదుగుదల ఆగిపోతుందా?

కొత్త చోటికి వచ్చిన పిల్ల వారం పది రోజులు తినకపోవడం సహజం. ముందు దాన్ని చేతిలోకి తీసుకోవడం మానేయాలి, దాక్కోవడానికి ఒంటికి ఆనుకునేంత ఇరుకైన చోటు ఇవ్వాలి, వేడి సరిగా ఉందో లేదో చూడాలి. ఆ తర్వాత గోరువెచ్చగా చేసిన ఎరను సాయంత్రం వేళ పటకారుతో అందించాలి. హాగ్‌నోస్ అనే జాతి పాము పిల్లలు ప్రకృతిలో కప్పలను వేటాడతాయి కాబట్టి ఎలుక వాసన వాటికి తిండిలా తోచకపోవచ్చు, ఎరకు కప్ప వాసనో చేప వాసనో పట్టించి పెట్టే పద్ధతి వాటి విషయంలో తరచుగా పనిచేస్తుంది.

నిజంగా చూడవలసింది బరువు. పదిశాతానికి మించి బరువు తగ్గితే సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించాలి. నోరు తెరిచి బలవంతంగా తినిపించడం అనుభవం లేనివారు చేయవలసిన పని కాదు.

## ఎదిగే దశ

తిండి సరిగానే పెడుతున్నాను, అయినా పెరగడం లేదు. ఎందుకు?

చాలావరకు కారణం వేడి. పాము తన ఒంటి వేడిని తానుగా తయారుచేసుకోలేదు. జీర్ణరసాలు పనిచేసే వేగం, పేగులు కదిలే వేగం అన్నీ చుట్టూ ఉన్న ఉష్ణోగ్రతను బట్టే నడుస్తాయి. కార్న్ స్నేక్‌కు వెచ్చని వైపు 29 నుంచి 31 డిగ్రీల సెల్సియస్, బాల్ పైథాన్‌కు 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి. చల్లని వైపు కూడా ఉండాలి, ఎందుకంటే ఎటు ఉండాలన్న నిర్ణయం పాముదే. పెట్టె గోడకు అంటించిన మీటరు చూపే అంకెను నమ్మి కూర్చుంటే మోసపోతారు. పాము పొట్ట ఆనించే నేల దగ్గర కొలవాలి, వేడి పరికరానికి థర్మోస్టాట్, అంటే వేడిని అదుపులో ఉంచే సాధనం, తప్పనిసరిగా ఉండాలి.

వేడి సరిగా ఉండి, తిండి క్రమంగా తింటూ, అయినా బరువు పెరగకపోతే పేగుల్లో పరాన్నజీవులు ఉండే అవకాశం ఉంది. తాజా మలాన్ని పరీక్ష చేయించాలి.

తిన్న తర్వాత పాము ఒంట్లో ఏమి జరుగుతుంది? రెండు రోజులు ముట్టుకోవద్దని ఎందుకంటారు?

అరుదుగా, భారీగా తినే పాముల శరీరం తిండి లేనప్పుడు జీర్ణ వ్యవస్థను దాదాపు మూసి ఉంచి, ఎర లోపలికి వెళ్లగానే తెరుస్తుంది. దీన్ని బర్మీస్ పైథాన్‌లలో స్టీఫెన్ సెకోర్, జేరెడ్ డైమండ్ వివరంగా పరిశీలించారు. పెద్ద ఎర మింగిన ఒకటి రెండు రోజుల్లో చిన్న పేగు బరువు దాదాపు రెట్టింపవుతుంది, కాలేయం, మూత్రపిండాలు పెరుగుతాయి, ఆక్సిజన్ వాడకం విశ్రాంతి స్థాయి కంటే పలు రెట్లు పెరుగుతుంది. గుండె కండరం 48 గంటల్లో 40 శాతం వరకు పెరుగుతుందని 2005లో వెలువడిన మరో పరిశోధన చూపింది. జీర్ణం ముగిశాక ఇవన్నీ మళ్లీ పూర్వస్థితికి వస్తాయి. తరచుగా, కొద్దికొద్దిగా తినే జాతుల్లో ఈ మార్పు ఇంత తీవ్రంగా ఉండదు.

అంటే తిన్న ఎరలో ఒక భాగం జీర్ణం చేసుకోవడానికే ఖర్చవుతుంది, మిగిలినదే ఎదుగుదలకు దక్కుతుంది. ఇంత పని లోపల జరుగుతుండగా పామును ఎత్తి తిప్పితే బెదిరి కక్కేస్తుంది, ఆ ఎర, దానిపై పెట్టిన శక్తి రెండూ వృథా అవుతాయి. కనీసం 48 గంటలు వదిలేయాలి, ఉబ్బు ఇంకా కనిపిస్తుంటే అది తగ్గేవరకు ఆగాలి.

తిన్నది కక్కేసింది. వెంటనే మళ్లీ పెట్టవచ్చా?

పెట్టకూడదు. కక్కినప్పుడు కడుపులోని ఆమ్లం గొంతును గాయపరుస్తుంది, జీర్ణరసాలూ నీరూ పోతాయి. 10 నుంచి 14 రోజులు ఆగి, మామూలు ఎరలో సగం పరిమాణం ఉన్నదాన్ని పెట్టాలి. అది నిలిస్తే ఇంకో రెండు మూడు సార్లు చిన్న ఎరలతోనే నడిపి, తర్వాత పాత పరిమాణానికి రావాలి. చాలని వేడి, మరీ పెద్ద ఎర, లోపల ఇంకా గడ్డకట్టి ఉన్న ఎర, తిన్న వెంటనే చేతిలోకి తీసుకోవడం అన్నవి మామూలు కారణాలు. వరుసగా రెండుసార్లు కక్కినా, శరీరం మధ్యలో గట్టి వాపు తగిలినా క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మ పరాన్నజీవి వంటివాటి ఇన్ఫెక్షన్ కావచ్చు కనుక వైద్యుడి దగ్గరకు ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి.

త్వరగా పెద్దది చేయాలని మూడు రోజులకొకసారి పెడుతున్నాను. తప్పా?

తప్పే. పెంపకందారుల్లో ఈ అలవాటు ఎంత మామూలైనా మేము దీన్ని సమర్థించము. త్వరగా పిల్లలు పుట్టేలా చేసి వాటిని అమ్ముకోవాలన్న తొందర దీని వెనుక ఉంటుంది తప్ప పాముకు ఒరిగేదేమీ లేదు. ఇలా పెంచిన పాము బరువు త్రాసు మీద చూడముచ్చటగా పెరుగుతుంది, కానీ ఆ పెరుగుదలలో కొంత కండ, ఎముక అయితే చాలా భాగం కొవ్వు. శరీరం ఉబ్బి, తల మాత్రం చిన్నగా, వేరే పాముది తెచ్చి అతికించినట్టు కనిపిస్తుంది. కొవ్వు కాలేయంలో చేరితే అది పనిచేయడం మానేస్తుంది, చాలామందికి ఆ సంగతి పాము తిండి మానేసిన తర్వాతే తెలుస్తుంది. కార్న్ స్నేక్ పెద్దదవడానికి సుమారు మూడేళ్లు పడుతుంది, ఆ సమయం దానికి ఇవ్వాలి.

ఎదుగుదలను ఇంట్లో ఎలా కొలవాలి?

గ్రాముల్లో చూపే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. మూత ఉన్న డబ్బా బరువు సున్నా చేసి, అందులో పామును పెట్టి తూచాలి. నెలకొకసారి, మల విసర్జన అయ్యాక, తినిపించడానికి ముందు తూచితేనే అంకెలను పోల్చుకోవచ్చు. తిన్న మర్నాడు తూచి సంబరపడితే అందులో ఎర బరువే ఎక్కువ. పొడవు కోసం పామును లాగి సాగదీయకూడదు. పెట్టె అద్దానికి ఆనుకుని పాకేటప్పుడు దాని వంపుల వెంబడి దారం పెట్టి, ఆ దారాన్ని కొలవాలి. తేదీ, బరువు, పెట్టిన ఎర బరువు, కుబుసం విడిచిన రోజు అనే నాలుగు గడుల పుస్తకం ఉంటే వైద్యుడికి అంతకంటే ఉపయోగపడేది మరొకటి లేదు.

తరచుగా కుబుసం విడుస్తోందంటే బాగా పెరుగుతున్నట్టేనా?

పిల్లల విషయంలో చాలావరకు అవును. బాగా తినే పిల్ల నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి కుబుసం విడుస్తుంది, పెద్ద పాము ఏడాదికి కొన్నిసార్లే విడుస్తుంది. అయితే చర్మానికి గాయమైనా, పేలు వంటి పురుగులు పట్టినా కుబుసం త్వరగా వస్తుంది. విడిచిన కుబుసం కొలత పాము పొడవు కాదని కూడా గుర్తుంచుకోవాలి, అది విడిపోయేటప్పుడు బాగా సాగుతుంది. కళ్లు పాలరంగులోకి మారిన రోజుల్లో చాలా పాములు తినవు, అప్పుడు బలవంతం చేయవద్దు.

## ఏమి పెట్టాలి

ఎలుకలకు బదులు మాంసం ముక్కలు పెట్టవచ్చా?

పెట్టకూడదు. ఎరను పూర్తిగా మింగినప్పుడు ఎముకల నుంచి కాల్షియం, కాలేయం నుంచి విటమిన్ ఎ, ఇతర అవయవాల నుంచి మిగిలిన పోషకాలు అందుతాయి. ఒట్టి మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఎదిగే వయసులో అదే తిండి కొనసాగితే ఎముకలు మెత్తబడి, వెన్ను వంకర తిరుగుతుంది. పూర్తి ఎర తినే పాముకు విటమిన్ పొడులు కూడా సాధారణంగా అవసరం లేదు.

చేపలు, పురుగులు తినే పాములకు ప్రత్యేక జాగ్రత్త ఉందా?

ఉంది. గార్టర్ స్నేక్‌లకు గోల్డ్ ఫిష్ వంటి చేపలే పెడుతూ పోతే వాటిలోని థయామినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. పాము తూలడం, వణకడం, మూర్ఛ రావడం దాని లక్షణాలు. చేపను ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన ఆ ఎంజైమ్ పోదు. ఈ ఎంజైమ్ లేని ట్రౌట్, టిలాపియా వంటి చేపలు, వానపాములు, చిన్న ఎలుక కూనలు మార్చి మార్చి పెట్టాలి. పురుగులు తినే గ్రీన్ స్నేక్‌లకైతే ఎరపై కాల్షియం పొడి చల్లాలి.

ప్రాణమున్న ఎర పెడితే ఇంకా బాగా పెరుగుతుందా?

పెరగదు. సరిగా నిల్వ చేసిన ఫ్రీజర్ ఎరతోనూ ఎదుగుదల అలాగే ఉంటుంది. పైగా ప్రాణమున్న ఎలుక తప్పించుకునే ప్రయత్నంలో పాము కంటినో, వెన్నునో కొరికితే ఆ గాయం మానేవరకు పాము తినదు. ఫ్రీజర్ ఎరను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కరిగించి, సంచిలో వేసి వేడినీటిలో ముంచి, పైన తడి తుడిచి పెట్టాలి. పొట్ట భాగాన్ని వేళ్లతో నొక్కి చూసినప్పుడు లోపల గట్టిగా, చల్లగా ఏమీ తగలకూడదు. మైక్రోవేవ్ వాడవద్దు.

పాలు తాగిస్తే బలం వస్తుందా?

రాదు. పాములు పాలను జీర్ణం చేసుకోలేవు. దాహంతో అల్లాడే పాము ఎదురుగా ఏ ద్రవం పెట్టినా తాగవచ్చు, అది ఇష్టం కాదు, నీటి కొరత. శుభ్రమైన నీళ్లే పెట్టాలి.

## పెద్ద పాము

పెద్ద పాముకు ఎన్ని రోజులకొకసారి పెట్టాలి?

పెద్ద కార్న్ స్నేక్‌కు 10 నుంచి 14 రోజులకొక పెద్ద చిట్టెలుక చాలు. పెద్ద బాల్ పైథాన్‌కు దాని బరువులో సుమారు 5 శాతం ఉన్న ఎర రెండు నుంచి నాలుగు వారాలకొకసారి సరిపోతుంది. పెట్టె తెరవగానే తల ఎత్తి ముందుకు రావడం ఆకలికి గుర్తని అనుకుని చాలామంది అదనంగా పెడతారు. వేటాడే జంతువు అవకాశం కనిపిస్తే వదలదు, అంతే.

నా పాము లావైందో, సరిగా ఉందో ఎలా తెలుస్తుంది?

దాన్ని నిదానంగా చేతి మీదుగా పాకనిచ్చి, వెన్ను వెంబడి వేలు పోనివ్వండి. వెన్నెముక వేలికి తెలియాలి కానీ కంటికి గట్టులా కనిపించకూడదు. గట్టు తేలి, రెండు పక్కలా పల్లం పడితే పాము చిక్కింది. వెన్నెముక బదులు దాని చోట ఒక గాడి కనిపిస్తే లావైంది. వంగినప్పుడు పొలుసుల మధ్య చర్మం కనిపించడం, విసర్జన ద్వారానికి ముందు పక్కలు ఉబ్బి తోక హఠాత్తుగా సన్నబడడం కూడా కొవ్వు గుర్తులే. అప్పుడే తిన్న పామునూ, గుడ్లు మోస్తున్న ఆడపామునూ ఈ కొలతతో చూడకూడదు.

లావైన పామును ఒక్కసారిగా పస్తు పెట్టవద్దు. ఎర పరిమాణం కొంచెం తగ్గించి, వ్యవధి కొంచెం పెంచి, ఎక్కడానికి కొమ్మలు, తిరగడానికి చోటు ఇచ్చి నెలల మీద తగ్గించాలి.

పెద్ద పాము నెలల తరబడి తినడం లేదు. కుంగిపోతుందా?

బాల్ పైథాన్‌లు, ముఖ్యంగా మగవి, సంతానోత్పత్తి కాలంలో కొన్ని నెలలు తినకపోవడం మామూలే. ఆరోగ్యంగా ఉన్న పాము దీన్ని తట్టుకోగలదు. మార్షల్ మెక్‌క్యూ 2007లో ప్రచురించిన పరిశోధనలో బాల్ పైథాన్‌లు, ర్యాట్ స్నేక్‌లు, ర్యాటిల్ స్నేక్‌లు దాదాపు ఆరు నెలలు తిండి లేకుండా గడిపాయి. అవి విశ్రాంతి స్థితిలో తమ శక్తి ఖర్చును 72 శాతం వరకు తగ్గించుకున్నాయి, ఆ స్థితిలోనూ వాటి పొడవు కొద్దిగా పెరిగింది. అయితే ఇది ప్రకృతి ఇచ్చిన ఓర్పు, పామును పస్తు పెట్టడానికి అనుమతి కాదు. రెండు వారాలకొకసారి తూచండి. బరువు నిలకడగా ఉంటే ఎర చూపిస్తూ ఎదురుచూడవచ్చు. బరువు తగ్గుతూ పోతే, నోటి నుంచి జిగురు కారితే, శ్వాసలో ఈల శబ్దం వస్తే అది పస్తు కాదు, జబ్బు.

చలికాలపు నిద్రకు ముందు తినిపించాలా?

చల్లబరచడానికి రెండు మూడు వారాల ముందే తిండి ఆపాలి, వెచ్చని వైపు మాత్రం అలాగే ఉంచాలి. కడుపులో ఎర మిగిలి ఉండగా చల్లబడితే అది జీర్ణం కాక లోపలే కుళ్లుతుంది, పాము చనిపోవచ్చు. సంతానోత్పత్తి చేయించే ఉద్దేశం లేకపోతే ఈ నిద్ర చాలా పెంపుడు జాతులకు అవసరమే లేదు.

బాగా చిక్కిపోయిన పామును తెచ్చుకున్నాను. కడుపునిండా పెట్టవచ్చా?

ఆకలితో ఉందన్న జాలితో పెద్ద ఎర పెట్టడమే ఇక్కడ ప్రమాదం. చాలాకాలం తిండి లేని శరీరానికి ఒక్కసారిగా భారీ ఆహారం అందితే రక్తంలో భాస్వరం, పొటాషియం వేగంగా పడిపోయి, గుండె లయ తప్పుతుంది. ముందు గోరువెచ్చని నీటితో ఒంట్లో నీటి కొరత తీర్చాలి, వేడి సరిచేయాలి, వైద్యుడితో పరీక్ష చేయించాలి. ఆ తర్వాత మామూలు ఎరలో మూడో వంతు పరిమాణం ఉన్నదాన్ని పెట్టి, అది జీర్ణమై మలం వచ్చేవరకు రెండోది పెట్టకూడదు. పరిమాణాన్ని నాలుగైదు భోజనాల మీద పెంచుకుంటూ వెళ్లాలి. తోక మొదట్లో కండ తిరిగి పట్టడం కంటికి కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు.